ల్యాప్‌టాప్‌లో వంద వయొలిన్లు.. వాయించే వాళ్లకు ఉద్యోగం ఉందా?

2025 మార్చి 8న ఇళయరాజా సింఫనీ 'వాలియంట్'ను లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించింది. రెండు నెలలకు, మే 11న, అదే నగరంలోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో తెర మీద 'ఆర్ఆర్ఆర్' నడుస్తుంటే కీరవాణి సంగీతాన్ని అదే ఆర్కెస్ట్రా వేదిక మీద కూర్చుని వాయించింది. 2019 అక్టోబరులో 'బాహుబలి' మొదటి భాగానికీ అక్కడ ఇలాంటి ప్రదర్శనే జరిగింది. తెలుగువాళ్లకు గర్వకారణమని వార్తలొచ్చాయి, మనం ఫార్వర్డ్ చేశాం. అక్కడితో అయిపోయింది.

కానీ ఉద్యోగాల పేజీ తిరగేసే వాళ్లు ఆ వార్తలో ఇంకో సంగతి గమనించాలి. సినిమా సంగీతాన్ని వేదిక మీద వాయించాలంటే ప్రతి వాద్యకారుడి ముందూ అతని వంతు నొటేషన్ కాగితం ఉండాలి. వయోలాకు వేరు, హార్న్‌కు వేరు, టింపనీకి వేరు. ఇవాళ్టి సినిమా సంగీతంలో చాలా భాగం ముందు కంప్యూటర్‌లో పుడుతుంది. దాన్ని మనుషులు వాయించగలిగే రూపంలోకి తెచ్చే మనిషి ఒకరు కావాలి. దీనికి ఎదురు దిశలోనూ పని ఉంది. ఆర్కెస్ట్రాను పిలిచే బడ్జెట్ లేని వెబ్ సిరీస్‌కో, సీరియల్‌కో, చిన్న సినిమాకో కంప్యూటర్‌లోనే నిజమైన ఆర్కెస్ట్రా అనిపించేలా చేసేవాడు కావాలి. రెండూ ఒకే విద్యకు రెండు కొసలు. దాన్నే మన దగ్గర కీబోర్డ్ ప్రోగ్రామింగ్, ఆర్కెస్ట్రేషన్ అంటారు. సిరికొండలోనో ఆర్మూర్‌లోనో డిగ్రీ చదువుతూ, రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ట్యూన్లు చేసుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ దారి గురించి అడుగుతున్నారు. వాళ్లకు సూటిగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

పని ఎలా మారింది?

ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో పాట రికార్డింగ్ అంటే పదుల మంది వయొలిన్ వాద్యకారులు వరుసగా కూర్చునేవారు. ఇళయరాజా లాంటి వాళ్లు ఎవరు ఏం వాయించాలో కాగితం మీద రాసి ఇచ్చేవారు. 1983లో మిడి వచ్చింది. అంటే కీబోర్డు, కంప్యూటర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. 1992లో 'రోజా'తో రెహమాన్ వచ్చాక ఇంటి స్టూడియోలో, కంప్యూటర్ ముందు పాట కట్టడం మామూలైపోయింది. తర్వాత శాంపిల్ లైబ్రరీలు వచ్చాయి. నిజమైన ఆర్కెస్ట్రాను హాల్లో కూర్చోబెట్టి, ఒక్కో స్వరాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, పొడిగా, సాగదీసి, రకరకాలుగా వాయించి రికార్డు చేసి అమ్మేవి ఇవి. మీరు మీట నొక్కితే లండన్‌లోనో వియన్నాలోనో ఎవరో ఎప్పుడో వాయించిన స్వరం పలుకుతుంది.

దీనివల్ల పోయిన ఉపాధి తక్కువేం కాదు. పాటకు ముప్పై నలభై మంది కూర్చునే రోజులు అరుదైపోయాయి. ఆ స్థానంలో వచ్చింది ఒక మనిషి, ఒక కంప్యూటర్. ఇప్పుడు ఆ ఒక్క మనిషి స్థానానికీ ఏఐ పోటీకొచ్చింది. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు అసలు పని ఏంటో తెలియాలి. ఎందుకంటే ఈ రంగంలోకి వచ్చే కొత్తవాళ్లు పంపే డెమోల్లో చాలావరకు ఒకేలా ఉంటాయి. ట్యూన్ బాగుంటుంది. వినగానే మాత్రం 'ఇది కీబోర్డు' అని తెలిసిపోతుంది.

మిక్సింగ్‌లో సరిచేద్దాం అనుకుంటే..

మన జిల్లాలో పసుపు గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. సరిగా ఉడకని పసుపును, తడి ఆరని పసుపును పాలిష్ డ్రమ్ములో ఎంతసేపు తిప్పినా యార్డులో విరిచి చూడగానే దొరికిపోతుంది. శాంపిల్ ఆర్కెస్ట్రాకు మిక్సింగ్ కూడా అలాంటి పాలిషే. శబ్దం ముద్దగా ఉందని ఈక్యూ తిప్పుతారు, పలచగా ఉందని కంప్రెసర్ వేస్తారు, అతకలేదని రివర్బ్ పోస్తారు. లోపం మాత్రం దానికి ముందే, ఏ వాద్యానికి ఏ స్వరం ఇచ్చామన్న దగ్గరే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఇది. 'స్ట్రింగ్స్' అని ఒకే ట్రాక్ పెట్టి, రెండు చేతులతో పియానో వాయించినట్టు నాలుగైదు వేళ్ల కార్డ్ నొక్కుతారు. మీరు నొక్కిన ఒక్కో వేలుకూ మొత్తం బృందం పలుకుతుంది. నాలుగు వేళ్లంటే నాలుగు బృందాలు. అందుకే హార్మోనియం ఊదినట్టు ఉబ్బుగా వినిపిస్తుంది. దీనికి మందు సులువు, ఓపికే కావాలి. మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వయోలా, చెల్లో, డబుల్ బాస్ అని ఐదు ట్రాకులు చేయండి. ఒక్కోదానికీ ఒకే గీత ఇవ్వండి. ఆ గీతను విడిగా పాడి చూసినా వినబుద్ధయ్యేలా ఉండాలి. వయొలిన్ అట్టడుగు తీగ 196 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంతకంటే కిందికి వయొలిన్‌కు రాసి ఉంటే అది ప్రపంచంలో లేని వయొలిన్. కొన్ని లైబ్రరీలు పలికిస్తాయి కూడా. మీ కాగితం వాద్యకారుడి చేతికి వెళ్లిన రోజున నవ్వుతాడు.

తర్వాత స్థాయిల మధ్య దూరం. కింది స్థాయిలో స్వరాలను దగ్గరగా పేరిస్తే బురద. బాస్, చెల్లోలకు షడ్జమం, పంచమం ఇచ్చి వదిలేయండి. గాంధారం పైన వయోలాకో రెండో వయొలిన్‌కో ఇవ్వండి. మన తంబూరా చేసేది అదే కదా. కింద షడ్జమ పంచమాలు తెరిచి ఉంచుతుంది, మిగతాది పైన పాడేవాళ్ల పని. 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్య పేరుకుపోయే ముద్దతనంలో చాలా భాగం ఈ ఒక్క మార్పుతో ఈక్యూ ముట్టకుండానే పోతుంది.

వాద్యాల బలాబలాలు మరో సంగతి. రష్యన్ స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఆర్కెస్ట్రేషన్ పుస్తకం ఆయన మరణం తర్వాత అచ్చయింది. ఇప్పుడు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక లెక్క ఉంది. గట్టిగా వాయించేటప్పుడు ఒక ట్రంపెట్‌కు సాటి రావాలంటే రెండు హార్న్‌లు కావాలి. ఒక హార్న్‌కు సాటి రావాలంటే రెండు ఫ్లూట్‌లో రెండు క్లారినెట్‌లో కావాలి. కంప్యూటర్‌లో ఈ బాధే లేదు, ఫేడర్ పెంచితే ఫ్లూట్ ట్రాంబోన్‌ను మింగేస్తుంది. వినేవాడికి ఈ లెక్క తెలియదు గానీ ఏదో అబద్ధమని చెవి పసిగడుతుంది. ఫ్లూట్ కింది స్థాయిలో సహజంగానే మెత్తన. అక్కడ మెలొడీ పెట్టి, వెనక బ్రాస్ మోగించి, ఆపైన ఫ్లూట్ వాల్యూమ్ పెంచుకుంటూ పోవడం కన్నా ఆ మెలొడీని ఒక స్థాయి పైకి జరపడం మేలు. లేదంటే వెనక ఉన్నదాన్ని తీసేయాలి. తీసేయడం ఎవరికీ ఇష్టం ఉండదు, అదే చిక్కు.

వేలు కాదు, విల్లు గుర్తుండాలి

వాద్యాలు సరిగా పంచాక ప్రోగ్రామింగ్. విల్లుతో వాయించే స్వరం మొదలైనప్పుడు ఉన్నంత బలంతోనే చివరిదాకా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది. కీబోర్డు మీద మాడ్యులేషన్ చక్రం, అంటే సీసీ 1, చాలా లైబ్రరీల్లో మెత్తగా వాయించిన రికార్డింగ్ నుంచి గట్టిగా వాయించిన రికార్డింగ్‌కు తీసుకెళ్తుంది. శబ్దం పరిమాణమే కాదు, రంగూ మారుతుంది. సీసీ 11 ఎక్స్‌ప్రెషన్ మాత్రం పరిమాణాన్ని మారుస్తుంది. సీసీ 7 ట్రాక్ వాల్యూమ్, దాన్ని మిక్స్ దాకా ముట్టకండి. ఈ మూడింటి తేడా తెలియక వాల్యూమ్ గీతలతోనే ఉద్వేగం తెప్పించాలని చూసేవాళ్లు బోలెడుమంది. పాట పాడుతున్నట్టు ఊహించుకుని, సీసీ 1 గీతను ఒక చేత్తో నిజంగా తిప్పుతూ రికార్డు చేయండి. మౌస్‌తో గీసిన దానికన్నా బతికి ఉంటుంది.

ఇంకో చిన్న విషయం, చాలా డెమోలను పాడుచేసేది. సాగే స్వరాల శాంపిల్స్ ఆలస్యంగా అందుకుంటాయి. విల్లు తీగ మీద పడి ధ్వని నిండటానికి పట్టే సమయం అది. లెగాటో అయితే కొన్ని లైబ్రరీల్లో సెకనులో ఐదో వంతు దాకా పోతుంది. మీరు గ్రిడ్‌కు సరిగ్గా అతికించినా వినడానికి స్ట్రింగ్స్ తాళానికి వెనకబడ్డట్టే ఉంటాయి. ఆ ట్రాక్‌కు మైనస్ డిలే ఇచ్చి ముందుకు జరపాలి. పొట్టి స్వరాలకు వేరే కొలత. అన్నిటినీ నూటికి నూరు శాతం క్వాంటైజ్ చేయడం మానండి. అరవై మంది మనుషులు ఒకే మిల్లీసెకనులో విల్లు దించరు. హార్న్, ఫ్లూట్ వాయించేవాళ్లకు ఊపిరి కావాలి, వాక్యాల మధ్య చోటు వదలండి.

రివర్బ్ దగ్గర ఒక్కటే చూసుకోండి. ఒక లైబ్రరీ పెద్ద హాల్లో రికార్డు చేసింది, ఇంకోటి చిన్న పొడి గదిలో చేసింది అయితే రెండూ పక్కపక్కన కూర్చున్నట్టు వినిపించవు. అన్నీ ఒకే రివర్బ్‌కు పంపి, పొడిదానికి ఎక్కువ, తడిదానికి తక్కువ ఇవ్వాలి. స్ట్రింగ్స్ ముందు, వుడ్‌విండ్స్ వాటి వెనక, బ్రాస్, డ్రమ్ములు ఇంకా వెనక. లైబ్రరీలోనే కూర్చున్న చోటు రికార్డయి ఉంటే మళ్లీ ఎడమకూ కుడికీ లాగొద్దు.

గమకం దగ్గర లైబ్రరీ చేతులెత్తేస్తుంది

అసలు మన సంగీతానికి పెద్ద సమస్య ఇది. శాంపిల్ వయొలిన్ మెట్లు ఎక్కుతుంది, జారదు. కల్యాణి గాంధారానికో తోడి గాంధారానికో ఉన్న ఊపు దానికి రాదు. పిచ్ బెండ్ చక్రంతో తిప్పితే బృందం మొత్తం ఒకేసారి వంగి సైరన్ మోగినట్టు ఉంటుంది. బడ్జెట్ కొద్దిగానైనా ఉన్న చోట పరిష్కారం చాలాకాలంగా ఒకటే. బృందాన్ని శాంపిల్స్‌తో పరిచి, పైన మెలొడీ గీతను ఒక్క నిజమైన వాద్యకారుడితో వాయించి రికార్డు చేయడం. ఒక్క వయొలిన్, ఒక్క వేణువు చాలు. చెవి ఆ బతికున్న గీత వెంట పోతుంది, వెనకున్న బొమ్మ బృందాన్ని పట్టించుకోదు.

దీనికి చెన్నై పోనక్కర్లేదు. మన ఊళ్ల పెళ్లి బ్యాండుల్లో క్లారినెట్, ట్రంపెట్ వాయించే వాళ్లున్నారు. గుడిలో నాదస్వరం, భజనలో హార్మోనియం, జాతరలో డప్పు ఉన్నాయి. నొటేషన్ చదవలేకపోవచ్చు, రెండుసార్లు పాడి వినిపిస్తే మూడోసారికి మీరు రాసిన దానికన్నా బాగా వాయిస్తారు. దుప్పట్లు కట్టిన గది, ఒక మోస్తరు మైకు ఉంటే డెమోకు సరిపోతుంది. వాళ్లకు డబ్బివ్వండి, పేరు వేయండి. హైదరాబాద్ స్టూడియోలో కూర్చున్నవాడి దగ్గర ఉన్న లైబ్రరీలే మీ దగ్గరా ఉండొచ్చు. ఈ మనుషులు మాత్రం అతని పక్కింట్లో ఉండరు.

ఇక ఏఐ సంగతి

సునో, యూడియో లాంటి సాధనాలకు నాలుగు మాటలు రాస్తే నిమిషంలో ఆర్కెస్ట్రా ముక్క ఇస్తున్నాయి. 2024 జూన్‌లో అమెరికాలో పెద్ద రికార్డు కంపెనీలు వీటి మీద కేసులు వేశాయి. 2025 చివరికి ఆ కంపెనీల్లోనే కొన్ని రాజీపడి లైసెన్సు ఒప్పందాలు చేసుకున్నాయి. అంటే ఇది ఆగే వ్యవహారం కాదు. రచయితల, స్వరకర్తల హక్కుల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య సీసాక్ 2024 డిసెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. 2028 నాటికి సంగీత సృష్టికర్తల ఆదాయంలో 24 శాతం ఏఐ వల్ల ప్రమాదంలో పడుతుందని దాని అంచనా.

ముందుగా పోయేది ఏది? నా అంచనాలో, సన్నివేశంతో పెద్దగా సంబంధం లేని పరుపు లాంటి సంగీతం. సీరియల్‌లో అత్త తలుపు తీసినప్పుడు మోగేది, యూట్యూబ్ వీడియో వెనక నడిచేది, కార్పొరేట్ ప్రకటనకు వాడేది. అంత త్వరగా పోనిది దర్శకుడు పక్కన కూర్చుని 'ఆ మాట దగ్గర తగ్గించు, కన్ను తిప్పగానే ఎత్తుకో, చెల్లో తీసేసి చూపించు' అనే పని. సన్నివేశం ఎడిటింగ్ మారిన ప్రతిసారీ రీరికార్డింగ్ మళ్లీ కొలతకు కుట్టాలి. ఇక్కడ ఒక్కో వాద్యం విడివిడిగా చేతిలో ఉన్నవాడే గెలుస్తాడు.

కానీ ఇందులో కొత్తవాళ్లకు చేదు నిజం ఒకటుంది. ఆ పరుపు సంగీతమే ఇన్నాళ్లూ నేర్చుకునేవాళ్లకు మొదటి మెట్టు. సీరియల్‌కు రోజుకు ఇన్ని ముక్కలని చేస్తూ చేతివాటం పట్టినవాళ్లే తర్వాత సినిమాలకు వెళ్లారు. ఆ మెట్టు విరిగితే పైకి ఎక్కేది ఎలా? పరిశ్రమ దీనికి ఏ జవాబూ చెప్పలేదు. నిజామాబాద్‌కు 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. పంటకు బోర్డు కావాలని ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. కీబోర్డ్ ప్రోగ్రామర్ల కోసం అడిగేవాళ్లే లేరు. కాబట్టి చదువుతున్న డిగ్రీని వదిలేసి దీని వెంట పడమని ఈ పేజీ చెప్పదు. డిచ్‌పల్లిలో బీకామో, ఆర్మూర్‌లో బీఎస్సీయో పూర్తి చేస్తూ రోజుకు రెండు గంటలు పెట్టండి. రెండేళ్ల తర్వాత చేతిలో పది మంచి ముక్కలుంటే అప్పుడు ఆలోచించండి.

ఎక్కడ నేర్చుకోవాలి?

డబ్బు ఖర్చు పెట్టకుండానే మొదలుపెట్టొచ్చు. నొటేషన్‌కు మ్యూజ్‌స్కోర్ ఉచితం. దాని నాలుగో వెర్షన్ 2022 డిసెంబరులో వచ్చింది, శబ్దాలు కూడా బాగుంటాయి. రీపర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. స్పిట్‌ఫైర్ సంస్థ బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన లైబ్రరీలో 'డిస్కవర్' అనే చిన్న కూర్పు ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. దొంగ లైబ్రరీల జోలికి మాత్రం పోవద్దు. పెద్ద ఓటీటీ ఒప్పందాల్లో వాడిన ప్రతి శబ్దానికీ హక్కులున్నాయని సంతకం పెట్టాల్సి వస్తుంది. అక్కడ దొరికితే మీతో పాటు మిమ్మల్ని పెట్టుకున్న సంగీత దర్శకుడూ ఇరుక్కుంటాడు.

సాధనకు ఒక పని చెబుతాను. బీథోవెన్ ఏడో సింఫనీ రెండో భాగం స్కోరు నెట్‌లో ఉచితంగా ఉంది. మొదట గాలి వాద్యాల కార్డ్ ఒకటి, తర్వాత వయోలా, చెల్లో, బాస్ మాత్రమే. ఆ తర్వాత రెండో వయొలిన్లు అదే మాట అందుకుంటాయి, కింద వయోలా, చెల్లోలు కొత్త గీత ఎత్తుకుంటాయి. చివరికి మొదటి వయొలిన్లు. ఒక్కో బృందం వచ్చి చేరుతుంటే ధ్వని ఎలా పెద్దదవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే పాఠం లేదు. మొదటి రెండు నిమిషాలు మీ ఉచిత లైబ్రరీతో కట్టండి. ఏదైనా మంచి రికార్డింగ్‌తో పక్కపక్కన పెట్టి వినండి. తేడా ఎక్కడుందో కాగితం మీద రాయండి. వారం తర్వాత మళ్లీ కట్టండి. అది కుదిరాక బతుకమ్మ పాట వరస ఒకటి తీసుకుని అదే పద్ధతిలో విస్తరించండి. డెమోలో వినిపించాల్సింది ఈ రెండోదే.

పద్ధతిగా చదవాలనుకుంటే చెన్నైలో రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. శబ్దగ్రహణం వైపైతే డిగ్రీ తర్వాత పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే సంస్థలకు ప్రవేశ పరీక్ష రాయొచ్చు. మన సంప్రదాయ సంగీతానికి హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. ప్రైవేటు 'సౌండ్ ఇంజినీరింగ్' కోర్సుల్లో లక్షలు కట్టే ముందు అక్కడ చదివిన నలుగురితో మాట్లాడండి. ఇప్పుడేం చేస్తున్నారో అడగండి.

పిలుపు వస్తే..

ఈ పనికి నోటిఫికేషన్ పడదు. సంగీత దర్శకుడి దగ్గర ఉన్న ప్రోగ్రామర్‌కు సహాయకుడు కావాలనిపిస్తుంది, తెలిసినవాళ్లను అడుగుతాడు. మొదటి నెలల్లో మీతో ట్యూన్లు చేయించరు. ఫైళ్లు సర్దడం, మిడిని శుభ్రం చేయడం, స్టెమ్స్ తీయడం, అంతే. అది తెలిసినవాడు అరుదు, కాబట్టి అదే మీ విలువ. ఫైనల్ మిక్సింగ్‌కు సంగీతాన్ని ఒకే ఫైలుగా పంపరు. స్ట్రింగ్స్, బ్రాస్, తాళవాద్యాలు, సోలో వాద్యాలు, గొంతులు వేరువేరుగా, అన్నీ ఒకే చోట మొదలయ్యేలా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఇస్తారు. అప్పుడే మిక్సింగ్ ఇంజినీరు డైలాగ్ మీద పడ్డ ఒక్క ట్రంపెట్‌ను తగ్గించగలడు. నెట్‌ఫ్లిక్స్ డైలాగ్ స్థాయిని మైనస్ 27 ఎల్‌కేఎఫ్ఎస్ దగ్గర, అటూ ఇటూ రెండు తేడాతో, ఉండాలంటుంది. స్పాటిఫై పాటల్ని మైనస్ 14 దగ్గరికి సర్దుతుంది. పాట కోసం బిగించిన మిక్స్‌ను అలాగే రీరికార్డింగ్‌కు పంపితే మాటలు వినిపించవని తిప్పి పంపుతారు.

డబ్బు, పేరు గురించి మొదటి రోజే అడగడానికి మొహమాటపడొద్దు. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం స్వరకర్తకూ గీత రచయితకూ రాయల్టీ హక్కును వదులుకోవడానికి వీల్లేకుండా కాపాడుతోంది. ప్రోగ్రామర్‌కు మామూలుగా దక్కేది ఒక్కసారి ఇచ్చే పారితోషికమే. కాబట్టి పాటకింతా, రీలుకింతా, నెలకింతా అన్నది, మార్పులు ఎన్నిసార్లు అన్నది, టైటిల్స్‌లో పేరు పడుతుందా లేదా అన్నది ఒక మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాటగా ఒప్పుకున్న పని రిలీజ్ ముందు వారంలో మూడింతలు అవుతుంది. ఆ మెసేజ్ చూపించి మిగతాది అడగొచ్చు.